పాత వాల్వ్ రేడియోని మళ్ళీ పలికించడం ఎలా

అటక మీద నుంచో, ఎవరో వద్దనుకున్న సామాను మధ్య నుంచో ఒక పాత వాల్వ్ రేడియో, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో (వాల్వులతో) నడిచేది, మీ చేతికి వచ్చింది. దుమ్ము దులిపారు, నాబ్ తిప్పితే డయల్ ముల్లు కూడా కదిలింది. ఇక చెయ్యి ఊరుకోదు, ప్లగ్గు వైపు వెళ్తుంది. వద్దు. "ఒక్కసారి పెట్టి చూద్దాం, పలికితే పలుకుతుంది" అనుకున్న ఆ ఒక్క నిమిషంలోనే చాలా రేడియోలు శాశ్వతంగా పోతాయి.

నా మొదటి రేడియో అలాగే పోయింది. ప్లగ్గు పెట్టగానే డయల్ లైటు వెలిగింది, అర నిమిషానికి ఎక్కడో నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఒక గొంతు కూడా వినపడింది, నేను ఇంట్లోవాళ్ళని కేకేసి పిలిచేలోపే గుయ్యిమని మోత మొదలై, దాని వెనకే కాలిన వార్నిష్ వాసన వచ్చి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది. తీరా చూస్తే అసలు దోషం డీసీలో ఒడిదుడుకుల్ని సరిచేసే ఒక ఫిల్టర్ కండెన్సర్‌ది. అది సులభంగా దొరికే పార్టు. ట్రాన్స్‌ఫార్మర్ అలా దొరకదు, ఎవరి చేతనైనా కొత్తగా చుట్టించుకోవాల్సిందే. అందుకే ఈ పని మొత్తంలో కరెంటు ఇవ్వడం అనేది చాలా ఆలస్యంగా వస్తుంది, సగానికి పైగా పని ప్లగ్గు లేకుండానే అయిపోతుంది.

ఒక మాట ముందే. కండెన్సర్ అన్నా కెపాసిటర్ అన్నా ఒకటే, రేడియో రిపేరు చేసేవాళ్ళకి కండెన్సర్ అనే అలవాటు కాబట్టి నేనూ అదే వాడతాను.

అది ఏ రకం సెట్టో తేల్చుకోండి

వెనక అట్ట తీసి లోపలికి చూడండి. ఛాసిస్ (పార్టులన్నీ బిగించిన లోహపు పళ్ళెం) మీద బరువైన ఇనుప రేకుల దిమ్మ, దానికి చుట్టిన కాయిలు, అందులోంచి వచ్చే బోలెడు తీగలు కనిపిస్తే అది ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు, అంటే ఏసీ మీద మాత్రమే నడిచేది. అలాంటిదేమీ లేకుండా తేలిగ్గా ఉంటే అది ఏసీ/డీసీ సెట్టు. అందులో వాల్వుల ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి సీరీస్‌లో ఉంటాయి, ఛాసిస్ నేరుగా మెయిన్స్‌లో ఒక తీగకి కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే ఛాసిస్ న్యూట్రల్, తిప్పి పెడితే అదే ఛాసిస్ ఫేజు. ముట్టుకుంటే మనిషి పోతాడు, మాటవరసకి చెప్పడం లేదు.

వాల్వు పేర్లు కూడా చెబుతాయి. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం ఫిలమెంట్ గురించి: ఇ అంటే 6.3 వోల్టులు, యు అంటే 100 మిల్లీయాంపుల సీరీస్ రకం. ఆ తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. సి ట్రయోడ్, ఎఫ్ పెంటోడ్, ఎల్ ఔట్‌పుట్ పెంటోడ్, వై హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్, జెడ్ ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్, ఎం మేజిక్ ఐ (స్టేషన్ సరిగ్గా పడిందో లేదో చూపించే పచ్చ లైటు). రెక్టిఫైయర్ అంటే ఏసీని డీసీ చేసేది. కాబట్టి ఇసిహెచ్81, ఇబిఎఫ్89, ఇఎల్84, ఇజెడ్80 వరసగా కనిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు అయ్యే అవకాశమే ఎక్కువ. అమెరికా వాల్వుల్లో మొదటి అంకె దాదాపుగా ఫిలమెంట్ వోల్టేజి. 12బిఇ6, 12బిఎ6, 12ఎవి6, 50సి5, 35డబ్ల్యు4 అనే ఐదింటి మొదటి అంకెలు కూడితే 121 వస్తుంది, అంటే ఆ దేశపు లైను వోల్టేజి, అంటే సీరీస్.

కానీ పేరు చూసి నమ్మేయకండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన సెట్లలో ఇనుప దిమ్మ కనిపిస్తుంది, ఛాసిస్ మాత్రం లైవే, అంటే మెయిన్స్‌కి కలిసినదే. ప్లగ్గు బయట ఉంచి, రేడియో స్విచ్ ఆన్‌లో పెట్టి, మల్టీమీటర్‌తో ప్లగ్గు పిన్నులకి, ఛాసిస్‌కి మధ్య ఓములు కొలవండి. ఎర్త్ పిన్ను కాకుండా మిగతా ఏ పిన్ను నుంచైనా కొద్ది ఓములో, కొన్ని పదుల ఓములో చూపిస్తే అది లైవ్ ఛాసిస్. అలాంటి సెట్టు మీద, సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పని చేయకండి. మొదటిసారి చేస్తున్నవాళ్ళకి నా సలహా అయితే ఇంకా సూటిగా ఉంటుంది: లైవ్ ఛాసిస్ సెట్టుని పక్కన పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుతో మొదలుపెట్టండి.

సామాన్లు

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ (40 నుంచి 60 వాట్ల మధ్య ఉంటే హాయి, 25 వాట్లది పాత లావు ట్యాగుల్ని (తీగలు అతికే లోహపు చెవుల్ని) వేడి చేయలేక ఏడిపిస్తుంది), మంచి సోల్డర్, కటింగ్ ప్లయర్, పెయింట్ బ్రష్, కాంటాక్ట్ క్లీనర్. వీటితో పాటు రెండు సొంతంగా చేసుకోవాలి. ఒకటి సీరీస్ బల్బు బోర్డు: ఒక హోల్డరు, ఒక సాకెట్టు, ఫేజు తీగ బల్బు గుండా వెళ్ళి రేడియోకి చేరేలా. బల్బు పాతకాలపు ఫిలమెంట్‌దే అయ్యుండాలి, ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. రెండోది డిశ్చార్జి తీగ: 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టెన్స్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ చేయడం చూడ్డానికి బాగుంటుంది కానీ కండెన్సర్‌కీ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. ఈ తీగ తగిలించి పది సెకన్లు ఆగి, మీటరుతో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టండి.

సర్క్యూట్ బొమ్మ దొరికితే పని సగానికి తగ్గుతుంది. మోడల్ నంబరు సాధారణంగా వెనక అట్ట మీదో, ఛాసిస్ వెనక అంచు మీదో ఉంటుంది. దొరక్కపోతే మీరే గీసుకోండి. నాలుగైదు వాల్వుల రేడియోలు అన్నీ ఒకే సంసారం, ఒకటి గీస్తే మిగతావి అర్థమైపోతాయి.

విప్పడం, దులపడం

ఏది ముట్టుకునే ముందైనా ఫోటో. ప్రతి వైపు నుంచి, దగ్గర నుంచి. ఏ వాల్వు ఏ సాకెట్లో ఉందో కాగితం మీద రాసుకోండి. నాబ్‌ల పక్కన చిన్న మర ఉంటుంది, దాని మీద మైనం నింపి ఉండొచ్చు. ఆ మైనం చెత్త కాదు, ఆ మర వేలికి తగలకుండా కంపెనీవాళ్ళు పెట్టిన రక్షణ, మళ్ళీ పెట్టాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. స్పీకర్ తీగలు, డయల్ లైటు తీగలు గుర్తులు పెట్టి విప్పి, ఛాసిస్‌ని మెల్లగా బయటికి లాగండి.

లోపల ఎలుకల గూడు ఉంటే ఆశ్చర్యపోవద్దు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని తీయండి. వేడెక్కే భాగాల దగ్గర తెల్లటి, బూడిద రంగు అట్టలాంటిది అతికించి ఉంటే దాన్ని గీకకండి, చింపకండి, అది ఆస్బెస్టాస్ అయ్యుండొచ్చు. దుమ్ము మొత్తం పొడి బ్రష్‌తోనే. గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చే నాబ్‌తో పాటు తిరిగే రేకుల కండెన్సర్) రేకుల మధ్య దుమ్ముని మెత్తటి బ్రష్‌తో తీయండి. రేకు ఒక్కటి వంగినా ఒకదానికొకటి తగిలి ఆ చోట స్టేషన్ మాయమైపోతుంది.

వాల్వుల మీద గాజుని గట్టిగా తుడిస్తే ముద్రించిన నంబరు వేలికి అంటుకుని వచ్చేస్తుంది. అంతకన్నా ఘోరం డయల్ గాజు. స్టేషన్ల పేర్లు ఉండేది గాజు వెనక వైపు, అదీ పలచటి రంగు మాత్రమే, ఇన్నేళ్ళకి అది గాజుని పట్టుకుని ఉందో లేదో కూడా తెలియదు. నేను ఒకసారి తడి గుడ్డతో, స్పిరిట్ కూడా కాదు, ఉత్త నీళ్ళతో తుడిచాను. గుడ్డ తిప్పి చూస్తే సగం ఊర్ల పేర్లు అద్దంలో చూసినట్టు తిరగబడి దాని మీద ఉన్నాయి. గాజు మీద ఆ మేర నున్నగా ఏమీ లేదు. ఇప్పటికీ ఆ రేడియోలో షార్ట్ వేవ్ భాగం ఖాళీగానే ఉంటుంది. ముందు వైపు మాత్రమే తుడవండి, వెనక వైపు ఊదండి, అంతే.

కరెంటు లేకుండానే చూడాల్సినవి

మీటరుని ఓముల్లో పెట్టండి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, అంటే మెయిన్స్ వచ్చే వైపు కాయిలు, తెగలేదని చూడండి. స్పీకర్‌కి ముందు ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మామూలుగా కొన్ని వందల ఓములు, సెకండరీ ఒక ఓము అటూ ఇటూ. ప్రైమరీ తెగి ఉంటే అది పెద్ద ఖర్చు, ఇప్పుడే తెలిసిపోవడం మంచిది. స్పీకర్ కోన్‌ని నాలుగు వేళ్ళతో సమంగా నొక్కి వదలండి, గీరుకుంటున్న చప్పుడు రాకూడదు. కోన్ కాగితానికి చిన్న చిరుగులుంటే పలచటి టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన తెల్ల గమ్ముతో అతకండి.

వాల్వుల గురించి అందరూ అనవసరంగా భయపడతారు. నిజానికి ఈ సెట్టులో అందరికన్నా గట్టి మనుషులు వాల్వులే. గాజు లోపల పైన వెండి రంగు మచ్చ ఉంటుంది, దాన్ని గెటర్ అంటారు. అది మెరుస్తూనో, కొంచెం గోధుమ రంగులోనో ఉంటే ఫరవాలేదు. పాలలా తెల్లగా మారిపోతే లోపలికి గాలి చేరిందని, ఆ వాల్వు అయిపోయిందని. ఫిలమెంట్ చూడాలంటే తొమ్మిది పిన్నుల వాల్వుల్లో చాలా వాటికి 4, 5 పిన్నుల మధ్య కొలిస్తే చాలు, ఇసిహెచ్81, ఇబిఎఫ్89, ఇఎల్84, ఇజెడ్80 అన్నింటికీ అవే. మిగతావాటికి డేటా షీటు చూసుకోండి. పిన్నులు నల్లబడి ఉంటే సాకెట్లో కొద్దిగా కాంటాక్ట్ క్లీనర్ వేసి వాల్వుని రెండు మూడుసార్లు తీసి పెట్టండి, లాగేటప్పుడు పక్కలకి ఊపకండి.

మెయిన్స్ వైరు రబ్బరుది అయితే ఎలా ఉన్నా మార్చేయండి. వంచితే పొడిపొడిగా రాలుతుంది. ఫ్యూజు లేని సెట్టుకి ఫేజు మీద ఒకటి పెట్టండి, 230 వోల్టుల లైను మీద 50 వాట్ల రేడియో పావు యాంపు కన్నా తక్కువే లాగుతుంది కాబట్టి అర యాంపు స్లో బ్లో (కొద్దిసేపటి ఎక్కువ కరెంటుకి తెగని రకం) సరిపోతుంది. వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటే మీ లైను వోల్టేజికి సరిపడే దాంట్లో, అనుమానం ఉంటే దాని పైదాంట్లో పెట్టండి.

కండెన్సర్లు: అసలు పని ఇదే

ఛాసిస్ బోర్లించి కింద చూస్తే మైనం పూసిన కాగితం గొట్టాలు, నల్లటి తారు ముద్దల్లాంటివి, ఒకట్రెండు అల్యూమినియం డబ్బాలు కనిపిస్తాయి. కాగితం రకం ఏదైనా సరే, చూడ్డానికి ఎంత కొత్తగా ఉన్నా సరే, లీకవుతున్నట్టే లెక్క. మైకా, సెరామిక్ కండెన్సర్లు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి.

వీటన్నింటిలో ఒక్కటి చాలా ముఖ్యం. మొదటి ఆడియో వాల్వు యానోడ్ (దాన్నే ప్లేటు అంటారు) నుంచి, స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలీకి) వెళ్ళే కప్లింగ్ కండెన్సర్, తరచుగా 0.01 మైక్రోఫారడ్. దాని పని పాటని పోనిచ్చి డీసీని ఆపడం. ఇది లీకైతే ఏమవుతుందో లెక్కవేసి చూద్దాం. అటు వైపు 100 వోల్టులున్నాయి, గ్రిడ్ దగ్గర 1 మెగా ఓము రెసిస్టెన్స్ ఛాసిస్‌కి ఉంది, కండెన్సర్ లీకు 50 మెగా ఓములు అనుకోండి. చాలా మల్టీమీటర్లు అంత పెద్ద విలువ చూపించలేవు, కాబట్టి బయట తీసి కొలిస్తే "బాగుంది" అనే అంటుంది. కానీ గ్రిడ్ మీద దాదాపు 2 వోల్టుల పాజిటివ్ కూర్చుంటుంది. ఇఎల్84కి 250 వోల్టుల దగ్గర ఉండాల్సిన బయాస్, అంటే క్యాథోడ్‌తో పోలిస్తే గ్రిడ్ మీద ఉండే నెగెటివ్ వోల్టేజి, మైనస్ 7.3 మాత్రమే. అందులో రెండు వోల్టులు తినేస్తే వాల్వు అవసరానికి మించి కరెంటు తాగుతుంది, వేడెక్కిన కొద్దీ లీకు ఇంకా పెరుగుతుంది, కొన్నాళ్ళకి వాల్వు ప్లేటు ఎర్రబడి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాని వెనకే పోతుంది. ఈ మధ్యలో రేడియో పలుకుతూనే ఉంటుంది, కొంచెం గొంతు బొంగురుగా, అంతే. "పలుకుతోంది కదా" అని వదిలేసే సెట్లు పోయేది ఇలాగే. కాబట్టి ఇంకేం మార్చినా మార్చకపోయినా దీన్ని మార్చండి.

మార్చే పద్ధతి: ఒక్కసారికి ఒక్కటే. అన్నీ కత్తిరించి పడేసి తర్వాత ఒకటొకటిగా పెడదాం అనుకున్నారా, రెండు గంటల తర్వాత ఏ తీగ ఎక్కడిదో తెలియక ఫోటోల మీద పడతారు. పాతదాని కాళ్ళు ట్యాగులకి మెలితిప్పి ఉంటాయి, లాగితే సాకెట్టే విరుగుతుంది. ట్యాగు గట్టిగా ఉంటే వేడి చేసి విప్పండి. పెళుసుగా అనిపిస్తే పాత కండెన్సర్ ఒంటికి ఆనించి కత్తిరించి, మిగిలిన కాలిని చిన్న కొక్కెంలా వంచి, కొత్తదాన్ని దానికి తగిలించి సోల్డర్ చేయండి. కాగితం వాటికి బదులు అదే విలువ గల పాలీప్రొపిలీన్‌వి, 630 వోల్టులవి పెట్టండి. 0.05 బదులు 0.047 అన్నట్టు దగ్గరి విలువ పెడితే రేడియో గుర్తుపట్టదు.

మెయిన్స్ తీగల మధ్య ఉండే కండెన్సర్‌కి మాత్రం ఎక్స్2 అని రాసి ఉన్నదే, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి, లైవ్ ఛాసిస్ సెట్టులో ఏరియల్, ఎర్త్ సాకెట్ల దగ్గర ఉన్నవాటికి వై రకమే పెట్టాలి. ఇందులో సర్దుకుపోవడం కుదరదు, ఆ కండెన్సర్ షార్టయితే ఏరియల్ తీగే ఫేజు అవుతుంది.

ఇక ఎలక్ట్రోలిటిక్‌లు, అంటే ఆ అల్యూమినియం డబ్బాల్లోని ఫిల్టర్ కండెన్సర్లు. 50+50 అని రాసి ఉన్న డబ్బాకి బదులు కింద రెండు 47 మైక్రోఫారడ్ 450 వోల్టులవి పెట్టండి. హమ్ (గుయ్యిమనే మోత) తగ్గుతుందని రెండింతలు, మూడింతలు పెంచకండి, రెక్టిఫైయర్ వాల్వు ఆన్ అయినప్పుడల్లా దాన్ని నింపలేక చస్తుంది. ఇజెడ్80 లాంటి దానికి 50 దాటకూడదు. పాత డబ్బా పైన అలాగే ఉండనివ్వండి, అందానికి. కాకపోతే దాని తీగలన్నీ విడదీయాలి, పాతదానికి సమాంతరంగా కొత్తది తగిలించడం పని తప్పించుకోవడమే.

ఇక్కడ ఒక బోనుంది. డబ్బా కింద అట్ట వాషర్ ఉండి, దాని నెగెటివ్ ఛాసిస్‌కి తగలకుండా ఉందా? అయితే ఆ సెట్టులో ఔట్‌పుట్ బయాస్‌ని నెగెటివ్ లైనుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక రెసిస్టెన్స్ పెట్టి తీస్తున్నారన్నమాట. అక్కడ కొత్త కండెన్సర్ నెగెటివ్‌ని ఛాసిస్‌కి కలిపేస్తే బయాస్ తారుమారవుతుంది. పాత తీగ ఎక్కడికి వెళ్ళిందో కొత్త తీగ కూడా అక్కడికే వెళ్ళాలి. ప్లస్ మైనస్ తిరగేస్తే ఎలక్ట్రోలిటిక్ పేలుతుంది, పెట్టాక ఇంకోసారి చూసుకోండి.

కార్బన్ రెసిస్టెన్సులు వయసుతో పాటు విలువ పెరుగుతాయి. రాసిన దానికన్నా 20 శాతం పైన ఉంటే మార్చండి, లేదంటే వదిలేయండి. సర్క్యూట్లో ఉండగా కొలిస్తే తక్కువ చూపించొచ్చు గానీ, కండెన్సర్లు ఖాళీగా ఉంటే ఎక్కువ చూపించదు, కాబట్టి ఎక్కువ చూపించింది నిజంగానే పెరిగింది. సెలీనియం రెక్టిఫైయర్, అంటే రెక్కలు రెక్కలుగా ఉండేది, ఉంటే దాన్ని తప్పించి సిలికాన్ డయోడ్ పెట్టండి. అది కాలితే వచ్చే పొగ విషం. డయోడ్ పెట్టాక వోల్టేజి పెరుగుతుంది కాబట్టి సీరీస్‌లో ఒక రెసిస్టెన్స్ కలిపి పాత వోల్టేజికి దించాలి.

ఇప్పుడు కరెంటు

వాల్వులన్నీ తీసేసి (ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితేనే), డయల్ బల్బులు కూడా తీసి, 60 వాట్ల సీరీస్ బల్బు గుండా కరెంటు ఇవ్వండి. బల్బు వెలగకూడదు, వెలిగినా ఎర్రటి నిప్పురవ్వలా ఉండాలి. బాగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ లోపల షార్టు ఉంది. అది దాటితే వాల్వులు పెట్టి, స్పీకర్ తగిలించి (స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది) మళ్ళీ ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి, తగ్గి, వాల్వులు వేడెక్కాక మళ్ళీ కొద్దిగా పెరుగుతుంది. ఆ తగ్గడం, పెరగడం చూస్తే సెట్టు ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. బల్బు పూర్తి వెలుగులోనే ఉండిపోతే వెంటనే తీసేయండి, ఎక్కడో హెచ్‌టి (రెక్టిఫైయర్ నుంచి వచ్చే ఎక్కువ వోల్టుల డీసీ) షార్టు.

మీటరు నల్ల తీగని క్లిప్పుతో హెచ్‌టి నెగెటివ్‌కి, అంటే చాలా సెట్లలో ఛాసిస్‌కే, కట్టేసి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో మాత్రమే కొలవండి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేయండి. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ సెట్టులో రెక్టిఫైయర్ తర్వాత మామూలుగా 250 నుంచి 300 వోల్టులు. ఔట్‌పుట్ వాల్వు యానోడ్, స్క్రీన్ (లోపలి రెండో గ్రిడ్) రెండూ దానికి దగ్గర. యానోడ్ దగ్గర ఏమీ లేక స్క్రీన్ దగ్గర మాత్రం ఉంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగింది, వెంటనే ఆపండి, స్క్రీన్ ఎర్రగా కాలిపోతుంది. ఇఎల్84 అయితే 3వ పిన్ను దగ్గర, అంటే క్యాథోడ్ దగ్గర, 7 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ముందు చెప్పినట్టు నెగెటివ్ లైనుకీ ఛాసిస్‌కీ మధ్య బయాస్ రెసిస్టెన్స్ ఉన్న సెట్టయితే, నల్ల తీగని ఛాసిస్‌కి కట్టి కొలిస్తే అక్కడ సున్నా వస్తుంది, బయాస్ గ్రిడ్ వైపు నెగెటివ్‌గా కనిపిస్తుంది. 2వ పిన్ను గ్రిడ్, అక్కడ సున్నాయో, నెగెటివ్‌గానో ఉండాలి గానీ పాజిటివ్ ఉండకూడదు. కొత్త కప్లింగ్ కండెన్సర్ పెట్టాక కూడా పాజిటివ్ వస్తోందా? ప్లగ్గు తీసి, ఆ కండెన్సర్ ఒక కాలు విప్పి మళ్ళీ కొలవండి. అప్పుడూ ఉంటే ఆ వాల్వు లోపలే తేడా ఉంది.

మోత లేదు, స్టేషన్ రావడం లేదు

వెనక నుంచి ముందుకి రండి. స్పీకర్‌లో చిన్న గుయ్యి కూడా లేదంటే ఔట్‌పుట్ దగ్గరే గొడవ. పిక్‌అప్ సాకెట్టు (గ్రామఫోన్ తగిలించేది) ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు అయితేనే, అందులో ఏదైనా పాట ఇచ్చి చూడండి. పాట వచ్చిందంటే ఆడియో మొత్తం బాగుంది, తేడా అంతా ముందు భాగంలోనే.

ముందు భాగంలో తరచుగా ఆగిపోయేది ఆసిలేటర్, అంటే రేడియో లోపల సొంతంగా ఒక సిగ్నల్ పుట్టించే భాగం. స్టేషన్ సిగ్నల్ దీనితో కలిసి ఐఎఫ్ అనే ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మారుతుంది. అది పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి నాకు చాలా ఇష్టమైన చిట్కా ఒకటుంది, పరికరం అక్కర్లేదు, పక్కన ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ రేడియో చాలు. మీ సెట్టు ఐఎఫ్ 455 కిలోహెర్ట్జ్ అనుకోండి (కొన్నింటిలో 452, 470 కూడా ఉంటాయి). ముల్లుని 600 దగ్గర పెడితే ఆసిలేటర్ 1055 దగ్గర నడుస్తూ ఉండాలి. చిన్న రేడియోని 1055 చుట్టుపక్కల తిప్పుతూ దగ్గర పెట్టండి. ఒక చోట గరగర ఒక్కసారిగా ఆగిపోయి నిశ్శబ్దం అవుతుంది, లేదా ఈల వేస్తుంది. పెద్ద రేడియో నాబ్ కదిపితే ఆ చోటు కూడా కదులుతుంది. కదిలిందా, ఆసిలేటర్ బతికే ఉంది. ఎక్కడా దొరకకపోతే బ్యాండ్ స్విచ్, ఇసిహెచ్81 లాంటి మిక్సర్ వాల్వు, దాని యానోడ్ వోల్టేజి చూడండి. నా అనుభవంలో పదిలో సగం సార్లు బ్యాండ్ స్విచ్ మురికే. కాంటాక్టుల మీద మాత్రమే ఒక్క చుక్క క్లీనర్ వేసి ఇరవై సార్లు తిప్పండి, స్ప్రే కుమ్మరిస్తే ఆ అట్ట పీల్చుకుని కొత్త లీకులు పుడతాయి. వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడితే దానికీ అంతే వైద్యం.

గుయ్యిమనే హమ్ తగ్గకపోతే ఫిల్టర్ కండెన్సర్ తీగల్ని మళ్ళీ చూడండి. ఆగి ఆగి పలుకుతుంటే ఎండిన చెక్క పుల్లతో ఒక్కో జాయింటునీ మెల్లగా కదిపి చూడండి, డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని జాయింటు) అలాగే దొరుకుతుంది.

ఐఎఫ్ డబ్బాల మరలు మాత్రం తిప్పకండి. సెట్టు పలకడం లేదని ఎవరో తిప్పిన రేడియోలే నా దగ్గరికి ఎక్కువ వచ్చాయి. అవి తమంతట తాము కదలవు. లోపలి ఫెర్రైట్ కోరు బిగుసుకుపోయి ఉంటుంది, ఇనుప స్క్రూడ్రైవర్‌తో బలవంతం చేస్తే పగులుతుంది. సిగ్నల్ జనరేటర్ ఉండి, సర్క్యూట్ ఉండి, స్టేషన్లు నిజంగానే డయల్ మీద తప్పు చోట వస్తుంటే అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా పద్ధతి ఒకటే, డయల్‌లో కిలోహెర్ట్జ్ తక్కువ ఉన్న చివర కాయిల్ కోరు, ఎక్కువ ఉన్న చివర ట్రిమ్మర్ (మరతో సరిచేసే చిన్న కండెన్సర్), రెండూ సరిపోయేదాకా అటూ ఇటూ మార్చి మార్చి.

డయల్ తాడు

దీని గురించి అందరూ తేలిగ్గా చెబుతారు, నిజానికి ఓపిక పరీక్షించేది ఇదే. పాత తాడు తెగక ముందే ఏ కప్పీ మీద ఎటు నుంచి ఎక్కింది, ఇరుసుకి ఎన్ని చుట్లు, స్ప్రింగు ఎక్కడ అని బొమ్మ గీసుకోండి. తెగిపోయి ఉంటే గ్యాంగ్‌ని పూర్తిగా మూసి మొదలుపెట్టండి. సాగే దారం పనికిరాదు, అల్లిన సన్నటి నైలాన్ డయల్ తాడే కావాలి. ఇరుసుకి మామూలుగా రెండున్నర, మూడు చుట్లు, ఆ చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ముడి మీద ఒక చుక్క గమ్ము. చివర్లో తెలిసిన స్టేషన్ పెట్టుకుని ముల్లుని సరిచేసి బిగించాలి.

పలికాక

ఏరియల్ సాకెట్లో 5 నుంచి 10 మీటర్ల తీగ పెట్టండి. ఒక్క బర్రుమనే మోత తప్ప ఏమీ రాకపోతే రేడియోని తిట్టకముందు ఇంట్లో ఎల్ఈడీ లైట్లు, మొబైల్ చార్జర్లు ఒకటొకటిగా ఆపి చూడండి. చాలా దేశాల్లో మీడియం వేవ్ స్టేషన్లు మూతపడ్డాయి కాబట్టి పగలు డయల్ ఖాళీగా ఉండొచ్చు, చీకటి పడ్డాక తిప్పండి, దూరపు స్టేషన్లు అప్పుడే వస్తాయి.

మొదటి రోజు గంటసేపు కనిపెట్టుకుని ఉండండి. ట్రాన్స్‌ఫార్మర్ వేడిగా ఉండొచ్చు, ప్లగ్గు తీశాక చెయ్యి పెట్టలేనంత కాలకూడదు. వాల్వు ప్లేటు ఎక్కడైనా ఎర్రబడుతోందేమో లైట్లు ఆర్పి చూడండి. అంతా బాగుంటే ఛాసిస్‌ని పెట్టెలోకి ఎక్కించి, నాబ్‌ల మరల గుంటల్లో మైనం నింపి, వెనక అట్టని అన్ని మరలతో బిగించండి. ఒకవేళ ఆ అట్ట పోయి ఉంటే గాలి రంధ్రాలు చేసిన హార్డ్‌బోర్డు ముక్క కోసి పెట్టేదాకా సెట్టుని ఎవరి చేతికీ ఇవ్వకండి.